చర్చ పిల్లల గురించి, ఖర్చు అమ్మ ఖాతాలో

ఏటా మార్చి మధ్యలో తెలుగు రాష్ట్రాల్లో ఒంటిపూట బడులు మొదలవుతాయి. పిల్లలు మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరతారు. ఆఫీసు వేళలు మాత్రం మారవు. ఏప్రిల్ నాలుగో వారం నుంచి జూన్ 12 దాకా అసలు బడే ఉండదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసే ఇళ్లలో ఈ మూడు నెలల టెన్షన్ ఫిబ్రవరిలోనే మొదలవుతుంది. ఊరి నుంచి అమ్మమ్మ వస్తుందా, నానమ్మ వస్తుందా, సమ్మర్ క్యాంపులో చేర్పించాలా, పక్కింటివాళ్లను అడగాలా? ఇవేవీ కుదరకపోతే సెలవు పెట్టాల్సింది ఎవరో ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండు మూడేళ్లు వరుసగా అలా సెలవులు పెట్టాక, "ఇంత అవస్థ దేనికి, మానేయరాదూ" అన్న మాట ఇంట్లో వినిపిస్తుంది. ఆ మాట కూడా ఆమెకే.

పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు తల్లి ఉద్యోగం చేయాలా, ఇంట్లో ఉండాలా అన్న చర్చ ఎప్పటినుంచో నడుస్తోంది. "రెండు మూడేళ్లు ఇంటి పట్టున ఉంటే ఏం పోయింది? డబ్బు తర్వాతైనా సంపాదించుకోవచ్చు, పిల్లల చిన్నతనం మళ్లీ రాదు" అంటారు ఒక పక్క. "ఇంత చదివి వంటింట్లో కూర్చుంటావా? రేపు చేతిలో రూపాయి లేకపోతే ఎవరు చూస్తారు?" అంటారు ఇంకో పక్క. రెండు వైపులా చెప్పేవాళ్లలో ఆమె మేలు కోరేవాళ్లే ఎక్కువ. కానీ ఏ మాట చూసినా సమస్య ఆమెది, తేల్చుకోవాల్సింది ఆమె అన్నట్టే ఉంటుంది.

ఇప్పటిదాకా జరిగిన పరిశోధనలను, సర్వే లెక్కలను, చట్టాలను దగ్గర పెట్టుకుని చూస్తే ఈ చర్చ మొదట్లోనే దారి తప్పిందనిపిస్తుంది. వాదనంతా పిల్లలకు మంచిదా, చెడ్డదా అన్నదాని మీదే జరుగుతోంది. నిజానికి తల్లి ఉద్యోగం చేసినందువల్లో, మానేసినందువల్లో పిల్లల భవిష్యత్తులో పెద్ద తేడా కనిపించడం లేదు. తేడా పడేది తల్లి భవిష్యత్తులో. ఆ సంగతి మాత్రం చర్చలోకి రావడమే తక్కువ.

ఇంటి పట్టున ఉన్న అమ్మ ఎవరు?

"మన సంప్రదాయంలో తల్లి ఇంట్లోనే ఉండేది" అన్న మాట తరచూ వినిపిస్తుంది. ఈ "మన"లో ఎవరున్నారో చూడాలి. వరి నాట్లు, కలుపు తీత, పత్తి ఏరడం, మిరప కోత ఇవన్నీ తరతరాలుగా ఆడవాళ్ల చేతుల మీదుగానే జరుగుతున్నాయి. చెట్టు కొమ్మకు పాత చీరతో ఉయ్యాల కట్టి, పసిబిడ్డను అందులో పడుకోబెట్టి, మడిలో దిగిన తల్లులు తెలుగునాట లక్షల్లో ఉన్నారు. బిడ్డను చూసుకోవడానికి ఏడెనిమిదేళ్ల అక్కను వెంట తీసుకెళ్లేవారు. ఆ అక్క బడి అక్కడితో ఆగిపోయేది. కూలి తల్లులను ఎవరూ ఉద్యోగం చేయాలా, మానాలా అని అడగలేదు. ఆ ప్రశ్న వేసుకునే స్తోమత ఉన్న ఇళ్లు అప్పుడూ తక్కువే, ఇప్పుడూ తక్కువే.

నిజామాబాద్, కరీంనగర్, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే ఇళ్లకు వెళితే "ఇంట్లో ఉండే తల్లి", "పనిచేసే తల్లి" అన్న విభజన ఎంత తేలిపోయేదో అర్థమవుతుంది. ముందురోజు నానబెట్టిన తునికాకును కత్తెరతో కొలత ప్రకారం కత్తిరించుకుని, ఒళ్లో చాట పెట్టుకుని, ఆకులో తంబాకు పోసి చుట్టి, దారం కట్టడం. కూలి వెయ్యి బీడీల లెక్కన. పక్కనే పాకే బిడ్డ ఉంటాడు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటుంది. ఆమె రోజంతా ఇంట్లోనే ఉంది, రోజంతా పనిలోనే ఉంది. బిడ్డ తల్లి దగ్గరే పెరుగుతున్నాడు, ఆ తంబాకు పొడి మధ్యే పెరుగుతున్నాడు. తల్లి పక్కనే ఉంటే చాలు, బిడ్డకు అన్నీ సమకూరినట్టేనని చెప్పేవాళ్లు ఈ ఇళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

దేశం మొత్తం మీద చూసినా ఇదే కనిపిస్తుంది. కేంద్ర ప్రభుత్వ కార్మిక సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన మహిళల్లో పనిలో ఉన్నవాళ్లు, పని వెతుక్కుంటున్నవాళ్లు కలిపి 2017-18లో 23.3 శాతం. 2023-24కి అది 41.7 శాతానికి చేరింది. ఈ పెరుగుదలలో ఎక్కువ భాగం పల్లెల్లోనే వచ్చింది. సొంత వ్యవసాయంలో, ఇంటి దుకాణంలో జీతం లేకుండా చేసే పని కూడా అందులో చేరింది. పట్టణాల్లో ఇప్పటికీ అది 28 శాతం దగ్గరే ఉంది. అంటే చదువు, జీతం, ఆఫీసు ఉన్నచోటే ఆడవాళ్లు పనిలో తక్కువగా ఉన్నారు. 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ అమెరికాకు సంబంధించి రెండు వందల ఏళ్ల లెక్కలు తవ్వి ఇలాంటి విషయమే చూపించారు. వ్యవసాయ కాలంలో పెళ్లైన ఆడవాళ్లు పనిలో బాగా ఎక్కువ. ఫ్యాక్టరీలు వచ్చి పని ఇంటికి దూరమయ్యాక తగ్గారు. చదువు, ఆఫీసు ఉద్యోగాలు పెరిగాక మళ్లీ పెరిగారు. "ఎప్పటినుంచో ఉన్న పద్ధతి" అనుకుంటున్నది నిజానికి ఆ మధ్యకాలపు పద్ధతి. కాస్త డబ్బు చేరిన ఇంట్లో ఆడవాళ్లను పొలం పని మాన్పించడం ఒకప్పుడు పరువుకు గుర్తు. ఆ పరువే ఇప్పుడు పిల్లల పెంపకం అన్న పేరుతో మాట్లాడుతోంది.

పిల్లల మీద ప్రభావం

తల్లి పనికి వెళ్తే బిడ్డ ఏమవుతాడన్న భయం నిజమైనది. ఆరేడు నెలల పిల్లను ఆయా చేతిలో పెట్టి గేటు దాటే తల్లికి ఆ భయం తీసిపారేసేది కాదు. అందుకే దీనికి జవాబు జాగ్రత్తగా వెతకాలి.

ఈ విషయంలో చాలా పెద్ద అధ్యయనం అమెరికాలో 1991లో మొదలైంది. అక్కడి జాతీయ శిశు ఆరోగ్య సంస్థ పది ప్రాంతాల్లో 1,300 మందికి పైగా పిల్లలను పుట్టినప్పటి నుంచి ఏళ్ల తరబడి గమనించింది. కొందరు తల్లి దగ్గర, కొందరు బంధువుల దగ్గర, కొందరు డే కేర్‌లో పెరిగారు. తేలింది ఏమిటంటే, పిల్లల మాట, చదువు, ప్రవర్తన ఎలా ఉంటాయన్నది ఇంటి వాతావరణం మీద, తల్లిదండ్రులు బిడ్డతో ఎలా మసలుకుంటారన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడింది. పగలు ఎవరి దగ్గర ఉన్నారన్నదాని పాత్ర అంతకంటే తక్కువ. మంచి డే కేర్‌లో ఉన్న పిల్లలకు మాట, ఆలోచన కాస్త మెరుగ్గా వచ్చాయి. చాలా ఎక్కువ గంటలు డే కేర్ సెంటర్లలో గడిపిన పిల్లల్లో మొండితనం, గొడవ పెట్టుకోవడం లాంటివి కొద్దిగా ఎక్కువ కనిపించాయి. ఈ రెండో విషయాన్ని దాచిపెట్టి మొదటిదే చెప్పేవాళ్లూ ఉన్నారు, మొదటిదాన్ని వదిలేసి రెండోదాన్నే భూతద్దంలో చూపేవాళ్లూ ఉన్నారు. రెండు ప్రభావాలూ చిన్నవే.

2010లో అమెరికా పరిశోధకులు యాభై ఏళ్లలో వచ్చిన 69 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. తల్లి ఉద్యోగానికి, పిల్లల చదువు లేదా ప్రవర్తన సమస్యలకు మొత్తం మీద చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. ఆదాయం తక్కువున్న ఇళ్లలో, తల్లి ఒక్కతే పెంచుతున్న ఇళ్లలో ఆమె ఉద్యోగం పిల్లలకు మేలే చేసింది. బిడ్డ పుట్టిన మొదటి ఏడాదిలోనే తల్లి పనిలో చేరిన మధ్యతరగతి ఇళ్లలో మాత్రం కొంచెం ప్రతికూలత కనిపించింది. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1993 నాటి చట్టం ప్రకారం అమెరికాలో తల్లికి దొరికేది 12 వారాల సెలవు. అదీ జీతం లేకుండా, 50 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థల్లోనే. పొత్తిళ్ల బిడ్డను వదిలి పనికి వెళ్లే తల్లుల లెక్కను మన దగ్గర ఆరు నెలల తర్వాత వెళ్లే తల్లులకు యథాతథంగా అంటగట్టకూడదు. మొదటి నెలల్లో తల్లికి సెలవు గట్టిగా ఉండాలన్న వాదనకు మాత్రం ఆ ఫలితం బలమే ఇస్తుంది.

పిల్లలు పెద్దయ్యాక ఎలా ఉంటారు? హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో కాథ్లీన్ మెక్‌గిన్ బృందం ఇరవైకి పైగా దేశాల సర్వే లెక్కలు చూసింది. ఉద్యోగం చేసిన తల్లుల కూతుళ్లు తాము కూడా ఉద్యోగంలో ఉండే అవకాశం ఎక్కువ. కొడుకులు ఇంట్లోవాళ్లను చూసుకోవడానికి ఎక్కువ సమయం ఇస్తున్నారు. పెద్దయ్యాక ఎంత సంతోషంగా ఉన్నారన్నది అడిగితే, తల్లి ఇంట్లో ఉన్నవాళ్లకూ ఉద్యోగం చేసినవాళ్లకూ తేడా లేదు.

కాబట్టి తల్లి ఆఫీసులో ఉందా, ఇంట్లో ఉందా అన్న ప్రశ్నతో బిడ్డ సంగతి తేలదు. ఇంటికి పనికొచ్చే ప్రశ్నలు వేరే ఉన్నాయి. బిడ్డ ఏడిస్తే వెంటనే ఎత్తుకునే మనిషి ఉందా? ఆ మనిషి నెలల తరబడి అదే మనిషేనా, లేక రెండు నెలలకోసారి ఆయా మారిపోతోందా? ఒక్కో ఆయాకు ఎంతమంది పసిపిల్లలు? బిడ్డతో మాట్లాడుతున్నారా, లేక ఫోన్ చేతికిచ్చి కూర్చోబెడుతున్నారా? డే కేర్ చూడటానికి వెళ్లినప్పుడు గోడల మీద రంగుల బొమ్మలు, సీసీ కెమెరాలు చూసి వచ్చేస్తాం. అన్నం పెట్టే వేళకు వెళ్లి ఓ అరగంట కూర్చుంటే తెలిసేది వేరే. గిన్నెడు అన్నం ఆరుగురి నోట్లో గబగబా కుక్కుతున్నారా, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి తినిపిస్తున్నారా అన్నది ఆ అరగంటలో కళ్లముందే కనిపిస్తుంది. ఇవే ప్రశ్నలు ఇంట్లో ఉన్న తల్లి విషయంలోనూ వేసుకోవచ్చు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంటెడు పనితో సతమతమయ్యే తల్లి కూడా బిడ్డను టీవీ ముందు కూర్చోబెట్టక తప్పని రోజులుంటాయి. అది ఆమె తప్పు కాదు, ఆమెకు సాయం లేకపోవడం.

తల్లి కోల్పోయేది

పిల్లల సంగతి ఇలా ఉంటే, తల్లి విషయంలో లెక్కలు చాలా స్పష్టంగా ఉన్నాయి. హెన్రిక్ క్లెవెన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు డెన్మార్క్ ప్రభుత్వ రికార్డుల ఆధారంగా 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రపంచమంతా చర్చకు వచ్చింది. మొదటి బిడ్డ పుట్టేదాకా ఆడా మగా సంపాదన దాదాపు ఒకే దారిలో నడుస్తోంది. బిడ్డ పుట్టాక తల్లి సంపాదన ఒక్కసారిగా పడిపోతోంది. ఏళ్లు గడిచినా దాదాపు 20 శాతం లోటు అలాగే మిగిలిపోతోంది. తండ్రి సంపాదనలో బిడ్డ పుట్టిన ఆనవాలే లేదు. ఇది డే కేర్, సెలవులు పుష్కలంగా ఉన్న డెన్మార్క్ కథ.

గోల్డిన్ ఈ నష్టానికి ఒక కారణం చెప్పారు. ఎక్కువ జీతమిచ్చే ఉద్యోగాలు పని మాత్రమే అడగవు, ఎప్పుడు పిలిచినా పలకాలని అడుగుతాయి. అలాంటి ఉద్యోగం ఇద్దరూ చేస్తే ఇల్లు నడవదు. ఎవరో ఒకరు వెనక్కి తగ్గాలి. హైదరాబాద్ ఐటీ ఉద్యోగాల్లో ఇది రోజూ కనిపిస్తుంది. అమెరికాలో ఉన్న క్లయింట్‌తో కాల్ అంటే ఇక్కడ సాయంత్రం ఏడు నుంచి పది దాకా. బిడ్డకు అన్నం పెట్టడం, హోంవర్క్ చేయించడం, నిద్రపుచ్చడం కూడా సరిగ్గా ఆ మూడు గంటల్లోనే. ఆ కాల్స్ తప్పించుకోవాలంటే చిన్న ప్రాజెక్టుకు మారాలి, చిన్న ప్రాజెక్టులో ప్రమోషన్ రాదు. ప్రమోషన్ లేని జీతం చూసి నాలుగేళ్ల తర్వాత ఇంట్లో వేసే లెక్క ఇలా ఉంటుంది: "నీ జీతం డే కేర్‌కి, పనిమనిషికి, క్యాబ్‌కే సరిపోతోంది కదా." డే కేర్ ఖర్చు ఆమె జీతంలోంచే ఎందుకు తీసేయాలి? బిడ్డ ఇద్దరిదీ అయినప్పుడు ఖర్చును ఇద్దరి జీతం మొత్తం మీద చూడాలి. ఈ ఒక్క లెక్క సరిచేసుకుంటే మానేయాలన్న నిర్ణయాలు కొన్నయినా ఆగుతాయి.

మానేసిన ఉద్యోగం విలువ ఆ నెల జీతంతో అయిపోదు. ఉద్యోగుల పెన్షన్ పథకంలో నెలనెలా పెన్షన్ రావాలంటే కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి. ఇరవై మూడేళ్లకు ఉద్యోగంలో చేరి ఇరవై తొమ్మిదేళ్లకు మానేసిన అమ్మాయికి ఆరేళ్లే ఉంటాయి. చాలామంది పీఎఫ్‌తోపాటు పెన్షన్ డబ్బు కూడా తీసేసుకుంటారు, దాంతో ఆ ఆరేళ్ల లెక్క చెరిగిపోతుంది. డబ్బు తీసుకోకుండా, ఆ సర్వీసుకు రుజువుగా ఇచ్చే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే, ఎప్పుడు మళ్లీ ఉద్యోగంలో చేరినా పాత సర్వీసు కలుస్తుంది. ఈ సంగతి ఆఫీసులో చెప్పేవాళ్లు అరుదు. రాజీనామా చేసే ప్రతి తల్లికీ ఇది తెలిసి ఉండాలి.

చట్టం ఇచ్చింది, చట్టం వదిలేసింది

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. 50 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలో క్రెష్, అంటే పనివేళల్లో పసిపిల్లలను చూసుకునే చోటు, ఉండాలన్నారు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చన్నారు. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ హక్కులు కొనసాగాయి. బిడ్డకు ఆరు నెలల దాకా తల్లిపాలే పట్టాలని వైద్యులు చెబుతారు కాబట్టి 26 వారాలన్నది సరైన లెక్కే.

లోపం ఎక్కడుందంటే, ఆ 26 వారాల జీతం మొత్తం యజమానే భరించాలి. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉండి ఉద్యోగుల ప్రభుత్వ బీమా (ఈఎస్ఐ) కిందకు వచ్చేవాళ్లకు ఆ డబ్బు ఈఎస్ఐ నిధి నుంచి వస్తుంది. మిగతావాళ్ల విషయంలో పాతిక ముప్పై మంది ఉన్న చిన్న కంపెనీ కూడా ఆరు నెలల జీతం సొంత జేబులోంచి ఇవ్వాలి. దాంతో కొత్తగా పెళ్లైన అమ్మాయిని ఇంటర్వ్యూలో "ఫ్యామిలీ ప్లానింగ్ ఏమైనా ఉందా" అని చాటుమాటుగా అడగడం మొదలవుతుంది. చట్టం గర్భంతో ఉన్న ఉద్యోగిని తీసేయకూడదంటుంది. అసలు తీసుకోకపోవడాన్ని ఏ చట్టమూ పట్టుకోలేకపోతోంది. ప్రసూతి జీతాన్ని ఒక్కో యజమాని నెత్తిన పెట్టకుండా బీమా ద్వారానో ప్రభుత్వ నిధి ద్వారానో ఇవ్వాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన ఒడంబడిక చెబుతోంది. ఈఎస్ఐ పద్ధతిని జీతం పరిమితి లేకుండా విస్తరిస్తే ఆ చాటుమాటు ప్రశ్నకు కారణమే ఉండదు.

ఇక క్రెష్ విషయం. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే, 50 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో ఆరేళ్లలోపు పిల్లలకు క్రెష్ ఉండాలని రాశారు. అంటే ఈ ఆలోచన కొత్తదేమీ కాదు, అమలే కొత్తగా జరగాల్సి ఉంది.

అమ్మమ్మ భుజాల మీద

తెలుగు ఇళ్లలో ఈ చర్చ రెండు పక్షాల మధ్య జరుగుతున్నట్టు కనిపించినా, మూడో మనిషి లేకుండా కథ నడవదు. తొలి కాన్పు పుట్టింట్లో. బాలింతకు పథ్యం, బిడ్డకు నలుగు, స్నానం అన్నీ అమ్మమ్మ చేతి మీదే. సెలవు అయిపోయి కూతురు పనిలో చేరాక కూడా అమ్మమ్మ డ్యూటీ అవ్వదు. ఊళ్లో పొలం, పాడి చూసుకోవడానికి తాతయ్య ఒక్కడే ఉండిపోతాడు. ఆమె పట్నంలో అపార్టుమెంటు అయిదో అంతస్తులో రెండేళ్ల పిల్లవాడి వెంట మోకాళ్ల నొప్పులతో తిరుగుతుంటుంది. అరవై ఏళ్లకు దంపతులు వేరువేరుగా బతకాల్సి వస్తోంది. దీన్ని ఎవరూ ఉద్యోగం అనరు, జీతం ఇవ్వరు, సెలవూ ఇవ్వరు. ఇద్దరూ సంపాదిస్తున్న ఎన్నో ఇళ్లలో ఆ రెండో జీతం వెనక ఒక పెద్దావిడ ఉచిత శ్రమ ఉంది. పిల్లకు అమ్మమ్మ ప్రేమ దొరకడం గొప్ప విషయమే. కానీ అది ఆమె ఇష్టంతో జరగాలి, క్రెష్ లేని లోటు పూడ్చడానికి కాదు.

అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ల ఇళ్లలో ఇదే కథ విమానం ఎక్కుతుంది. విజిటర్ వీసా మీద మామూలుగా ఒకసారికి ఆరు నెలలు ఉండనిస్తారు కాబట్టి, కాన్పుకు ముందు అమ్మాయి తల్లిదండ్రులు వెళ్తారు, వాళ్లు తిరిగొచ్చే వేళకు అబ్బాయి తల్లిదండ్రులు చేరతారు. బిడ్డకు ఏడాది నిండేదాకా అలా గడుస్తుంది. తర్వాత డే కేర్.

అక్కడ ఇంకో తరహా తల్లులున్నారు. భర్తకు హెచ్‌-1బి వీసా ఉంటే భార్యకు దొరికేది హెచ్‌-4. 2015 మే దాకా హెచ్‌-4 మీద ఉన్నవాళ్లు ఉద్యోగం చేయడానికే వీల్లేదు. ఆ తర్వాత కూడా భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ కొంత ముందుకు వెళ్తేనే అనుమతి. బీటెక్, ఎంసీఏ, ఎంబీబీఎస్ చదివి, ఇక్కడ మంచి ఉద్యోగాలు వదిలి వెళ్లిన ఎంతోమంది తెలుగు అమ్మాయిలు అక్కడ ఏళ్ల తరబడి ఇంట్లోనే ఉన్నారు. చుట్టాలు మాత్రం "పిల్లల కోసం ఉద్యోగం వదులుకుంది, ఎంత మంచి తల్లి" అన్నారు. ఆమె వదులుకోలేదు, వీసా వదిలించింది. తల్లి ఇంట్లో ఉండటాన్ని ఆమె స్వభావానికి ముడిపెట్టే ముందు ఆమె ముందు ఎన్ని దారులు తెరిచి ఉన్నాయో చూడాలి. అనుమతి రాగానే ఉద్యోగాల కోసం పరుగెత్తిన తల్లులు ఆ మాట తేల్చేశారు.

ఇంట్లో ఉండాలనుకునే తల్లి

ఇష్టపడే ఇంట్లో ఉండే తల్లులూ ఉన్నారు. బిడ్డతో ఆ మూడు నాలుగేళ్లు గడపాలన్న కోరికలో తక్కువతనం ఏమీ లేదు. చదువు వృథా అయిందని వాళ్లను నొచ్చుకునేలా చేయడం, ఉద్యోగం చేసే తల్లిని రాక్షసిలా చూడటం ఒక్కలాంటి అన్యాయాలే. వాళ్ల విషయంలో అడగాల్సిన ప్రశ్న, ఆ పనికి విలువ ఎవరు కడుతున్నారని.

2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో చనిపోయిన దంపతుల పిల్లలకు పరిహారం ఎంతన్నది కేసు. భార్య గృహిణి. ధర్మాసనంలో ఉన్న జస్టిస్ ఎన్.వి. రమణ, అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరం నుంచి వెళ్లి అదే ఏడాది ప్రధాన న్యాయమూర్తి అయినవారు, ఇంటి పని మీద విడిగా రాశారు. 2011 జనాభా లెక్కల్లో ఇంటి పనే తమ ప్రధాన వృత్తి అని చెప్పిన ఆడవాళ్లు దాదాపు 16 కోట్లు, మగవాళ్లు 58 లక్షల లోపేనని గుర్తుచేశారు. గృహిణి శ్రమకు డబ్బు రూపంలో విలువ కట్టడం ఆ శ్రమను సమాజం గుర్తించడమేనన్నారు. 2001లో జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదం కేసులో ఇదే కోర్టు గృహిణి సేవలకు నెలకు 3,000 రూపాయలుగా లెక్క కట్టింది. ఇవన్నీ ఆమె చనిపోయాక కట్టిన విలువలన్న సంగతి బాధపెడుతుంది. బతికుండగా? పెళ్లయ్యాక భర్త సంపాదనతో కొన్న ఆస్తిలో భార్యకు దానంతటదే వాటా ఇచ్చే చట్టం మనకు లేదు. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు మాత్రం, గృహిణి ఇంటిని నడిపినందువల్లే భర్త సంపాదించగలిగాడు కాబట్టి ఆ ఆస్తిలో ఆమెకు సమాన వాటా ఉందని చెప్పింది.

చట్టం వచ్చేదాకా ఇళ్లు ఆగనక్కర్లేదు. తల్లి ఉద్యోగం మానాలని ఇద్దరూ కలిసి అనుకున్నప్పుడే, ఇల్లు ఇద్దరి పేరిట రిజిస్టర్ చేయించడం, నెలనెలా ఆమె ఖాతాలో పొదుపు వేయడం కూడా అదే రోజు అనుకోవాలి. దీన్ని అపనమ్మకం అనుకునేవాళ్లుంటారు. భర్త ఆఫీసు అతని పీఎఫ్‌ను నెలనెలా జమచేస్తుంటే దాన్ని ఎవరూ అపనమ్మకం అనరు.

నాన్న సెలవు

2024 కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు ఆ పని మీద గడుపుతుంటే, చేసే మగవాళ్లు 88 నిమిషాలు గడుపుతున్నారు. ఈ 88 నిమిషాలు ఇంటి పనిలో అసలంటూ చేయి పెట్టిన మగవాళ్ల సగటు. 2019 సర్వేలో అలా చేయి పెట్టినవాళ్లు నూటికి పాతిక మంది పైచిలుకు మాత్రమే. మిగతావాళ్లు లెక్కలోకే రాలేదు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినికి పిల్లల సంరక్షణ కోసం సర్వీసు మొత్తం మీద 730 రోజుల సెలవు ఉంది. మగ ఉద్యోగికి పితృత్వ సెలవు 15 రోజులు. ప్రైవేటు ఉద్యోగికి చట్టప్రకారం అదీ లేదు. ఉద్దేశం ఎంత మంచిదైనా ఈ సెలవుల పట్టికే పిల్లలు తల్లి బాధ్యత అని రాసి చూపిస్తోంది. స్వీడన్‌లో 1974 నుంచి తల్లిదండ్రుల సెలవు ఇద్దరిదీ. ఇప్పుడు బిడ్డకు 480 రోజులు. అందులో 90 రోజులు ఒక్కొక్కరికీ విడిగా కేటాయించారు. తండ్రి వాడుకోకపోతే అవి పోతాయి, తల్లికి బదిలీ కావు. అలా కేటాయించాకే అక్కడ తండ్రులు నిజంగా సెలవు పెట్టడం పెరిగింది. "మా ఆయనకు బిడ్డ పని చేతకాదు" అనే మాటకు మందు అదే. నెల రోజులు ఒంటరిగా బిడ్డతో ఉంటే ఎవరికైనా చేతనవుతుంది, తల్లికీ అలాగే చేతనైంది.

క్రెష్ ఎవరికి కావాలి?

ఇప్పటిదాకా చెప్పుకున్న సెలవులు, పెన్షన్లు, ప్రమోషన్లు అన్నీ జీతం ఉన్న ఉద్యోగులవి. కూలికి వెళ్లే తల్లికి వీటిలో ఒక్కటీ లేదు. ఆమె పని మానితే ఆ పూట కూలి పోతుంది. కాబట్టి ఈ చర్చకు నిజమైన పరిష్కారం ముందుగా ఆమె దగ్గరే మొదలు కావాలి. పసిపిల్లలను నమ్మకంగా రోజంతా ఉంచగలిగే చోటు ఉంటే ఆఫీసు తల్లికి కాస్త సౌకర్యం పెరుగుతుంది. కూలి తల్లి బిడ్డకు అది అన్నం, నిద్ర, భద్రత. ఆ ఇంటి పెద్దపిల్లకు బడి.

1969లో ఢిల్లీలో భవన నిర్మాణం జరుగుతున్న చోట ఇసుక కుప్పల మధ్య ఆడుకుంటున్న కూలీల పిల్లలను చూసి మీరా మహదేవన్ మొదలుపెట్టిన మొబైల్ క్రెషెస్ సంస్థ ఈ అవసరాన్ని అప్పుడే గుర్తించింది. 2005 ఉపాధి హామీ చట్టం కూడా, పనిచోటుకు ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురు లేదా అంతకు మించి వస్తే, వాళ్లను చూసుకోవడానికి కూలీల్లోనే ఒక మహిళను పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలంది. మంచి నిబంధన. పనిచోట్ల చెట్టు నీడన ఆ ఏర్పాటు కనిపించింది మాత్రం తక్కువే.

దేశంలో దాదాపు 14 లక్షల అంగన్‌వాడీలు ఉన్నాయి. 1975 అక్టోబరు 2న మొదలైన ఈ వ్యవస్థకు ఊరూరా గది ఉంది, టీచరు ఉంది, ఆయా ఉంది, వంట ఉంది. కానీ దాని ముఖ్యోద్దేశం పోషకాహారం, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు బడికి ముందు చదువు. ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలను తల్లి పని నుంచి తిరిగొచ్చేదాకా ఉంచుకునే ఏర్పాటు చాలా చోట్ల లేదు. తల్లి పనికి అడ్డమయ్యేది సరిగ్గా ఆ వయసే. పాల్నా పథకం కింద కొన్ని అంగన్‌వాడీలను క్రెష్‌లుగా మార్చాలని కేంద్రం తలపెట్టింది. లక్ష్యం 17,000. పద్నాలుగు లక్షల్లో అది వందకు ఒకటి కంటే కాస్త ఎక్కువ. నాట్ల కాలంలో పొద్దున్నే ఆరింటికి ఆటో ఎక్కే తల్లికి పనికిరావాలంటే ఆ కేంద్రం తలుపు అయిదున్నరకే తెరవాలి. అంత పొద్దున వచ్చే ఆయాకు గౌరవ వేతనం అని పేరు పెట్టి చేతిలో కొంత పెడితే సరిపోదు, జీతమే ఇవ్వాలి. ఆమె కూడా ఎవరి దగ్గరో తన బిడ్డను వదిలి వచ్చే తల్లే.